కొలత పట్టే చేయి

కాలికి సరిపడే చెప్పులు, నడుముకు పట్టే బెల్టు, భుజానికి అమరే సంచి కొలతిచ్చి చేయించుకోవడం ఇవాళ నగరాల్లో ఖరీదైన అభిరుచిగా కనిపిస్తున్నది కానీ, తెలుగునాట కొన్ని తరాల కిందటి వరకు తోలు వస్తువు సంపాదించుకునే మామూలు దారి అదే. దుకాణంలో పేర్చిన జతల్లోంచి అంకె చూసి ఏరుకోవడం తర్వాత వచ్చిన అలవాటు. పాత పద్ధతికి తెలుగులో ‘పురమాయించడం’ అనే చక్కని మాట ఉన్నది. పనిని, దాని వివరాన్ని, గడువును కలిపి ఒక మనిషికి ఒప్పజెప్పడం దాని అర్థం. ఆ మాటలో ధర ప్రసక్తి లేకపోవడం గమనించదగినది, ఎందుకంటే తోలుపని చరిత్ర అంతటిలో తేలని లెక్క అదే.

సికింద్రాబాద్‌లో ఈ పురమాయింపు రెండు వైపుల నుంచి వచ్చింది. మొదటిది దండు. మూడో నిజాం సికందర్ జా పేరిట 1806లో బ్రిటిష్ సేనల విడిదిగా ఏర్పడిన ఈ ఊరిని పాతవాళ్లు ఇప్పటికీ లష్కర్ అనే పిలుస్తారు, ఆ మాటకు సైన్యమనే అర్థం. గుర్రాలు, బళ్లు, పటాలాలు ఉన్నచోట జీనులు, కళ్లేలు, పట్టీలు, బూట్లు బియ్యంతో సమానమైన అవసరాలు. అయితే 1860వ దశకానికి కాన్పూరులో ప్రభుత్వమే జీనుల కార్ఖానా నడపసాగింది. పెద్ద సరఫరాలు అటువంటి చోట్లకు మళ్లేకొద్దీ, స్థానికంగా తోలుపని చేసే చేతులకు ఒక్కొక్కరి కొలతకు కుట్టే పనీ, మరమ్మతులూ మిగిలాయి.

రెండోది పల్లె. తెలంగాణ ఊళ్లలో తోలుపని మాదిగల కులవృత్తి. పచ్చితోలును ఊనడం, అంటే కుళ్లకుండా, బిరుసెక్కకుండా పదును చేయడం, ‘లంద’ అనే గుంతలో జరిగేది. తోలును ముందు సున్నపునీళ్లలో నానబెట్టి వెంట్రుకలు వదిలించి, కండను గీకి, తంగేడు చెక్క నానిన రసంలో రోజుల తరబడి మురగబెట్టి, కరక్కాయతో రంగు, పట్టు తెచ్చి, చివరికి నూనె పట్టించేవారు. ఇక్కడ చెక్క అంటే చెట్టు బెరడు. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవం పొంది బతుకమ్మలో ఒదిగే తంగేడు పువ్వును ప్రతి ఇల్లూ ఎరుగును గానీ, అదే చెట్టు బెరడు మన చెప్పును నిలిపిందన్న సంగతి ఎంతమందికి గుర్తున్నదో సందేహమే. ఈ దేశీయ విద్యకు శాస్త్రీయ గౌరవం తెచ్చినవారిలో అగ్రగణ్యుడు తెనాలి ప్రాంతపు యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. 1948లో మద్రాసులో నెలకొన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు ఆయన సంచాలకుడిగా పనిచేశారు.

ఈ నైపుణ్యానికి పల్లె చెల్లించిన ప్రతిఫలం మాత్రం సిగ్గుపడవలసినది. మోట బావికి తోలు తొండం, కాడికి పట్టెడలు, కాలికి చెప్పులు అందించినందుకు రైతులు ఏటా కొంత ధాన్యం కొలిచి ఇచ్చేవారు గానీ, దొరలు మాత్రం ఆ వస్తువులనే వెట్టి కింద ఊరికే చేయించుకునేవారని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన గ్రంథంలో నమోదు చేశారు. కొలతిచ్చి చేయించుకునే సంప్రదాయం మనకు కొత్త కాదు. కొలత పట్టిన చేతికి కూలి అడిగే హక్కు ఉండటమే కొత్త. అందుకే ఈనాడు పురమాయించేవారి బాధ్యత సాధారణ కొనుగోలుదారు బాధ్యత కన్నా పెద్దది.

ఆ బాధ్యత అవగాహనతో మొదలవుతుంది. పాదం కొలత సాయంత్రం పూట, నిలబడి, రెండు కాళ్లకూ విడివిడిగా ఇవ్వాలి. పగలంతా నడిచిన పాదం కొంత ఉబ్బుతుంది, బరువు పడినప్పుడు వెడల్పవుతుంది, కుడి ఎడమలు అచ్చంగా ఒకటిగా ఉండటం అరుదు. కాగితం మీద పాదం చుట్టూ గీత గీసి, వేళ్ల మొదట్లో, మీగాలి మీద, మడమ దగ్గర చుట్టుకొలత తీసుకుంటారు. తోలు ఎంపిక ఇంకా సూక్ష్మమైనది. పశువు వీపు భాగపు తోలు గట్టిగా, సమంగా ఉంటుంది, పొట్ట భాగపుది సాగుతుంది. అందువల్ల బెల్టును వీపు పొడవునా కోసిన ముక్కతోనే చేయాలి. అడుగుకు బర్రెతోలు మందం, లోపలి అస్తరుకు మేకతోలు మెత్తదనం తగినవి. క్రోమియం లవణాలతో ఊనిన తోలు ఒకటి రెండు రోజుల్లో సిద్ధమై, మెత్తగా, నీటికి ఓర్చుకుంటూ ఉంటుంది. చెట్టు బెరడుతో ఊనినదానికి వారాలు పడుతుంది, కానీ అది వాడినకొద్దీ, ఎండ తగిలినకొద్దీ రంగు ముదిరి, వాడేవారి ఒంటి తీరుకు ఒదుగుతుంది.

కుట్టు చూస్తే పనివాడి స్థాయి తెలుస్తుంది. తోలును కోసే కత్తి రంపె, పొడిచే పనిముట్టు ఆరె. ఆరె కొన దగ్గర చిన్న గాడి ఉంటుంది. పైనుంచి పొడవగానే, అడుగున వేళ్లతో అందించిన మైనపు దారాన్ని ఆ గాడి పట్టుకుని ఉచ్చుగా పైకి లాగుతుంది, ఆ ఉచ్చులోకి దారం రెండో కొసను దూర్చి రెండు చేతులా బిగిస్తారు. ప్రతి కుట్టులో రెండు కొసలూ ముడిపడి ఉండటం వల్ల ఒకచోట తెగినా వరసంతా ఊడిపోదు. పెళ్లి జాకెట్ల మీద వేయించుకునే మగ్గం వర్క్‌లో ఆడే కొక్కెపు సూది, ఆరీ, ఈ ఆరెకు దగ్గరి బంధువు. గుజరాత్‌లో ఆ కుట్టు చెప్పులు కుట్టే మోచీల చేతుల్లోనే వన్నెకెక్కింది. సికింద్రాబాద్ జనరల్ బజారులో జాకెట్టు గుడ్డ కొని ఆ పనికి వేలు పోసేవారు, స్టేషన్ దారిలో గొడుగు కింద కూర్చున్న మోచీతో పది రూపాయల దగ్గర బేరమాడటం న్యాయం కాదు.

ధర అడిగినప్పుడు తోలు, దారం, మేకులతో పాటు రోజులను లెక్కించాలి. సగం సొమ్ము ముందుగా ఇవ్వడం, గడువు పనివాణ్ణే చెప్పనివ్వడం, ఏ నేల మీద, ఎంత దూరం నడిచేందుకో దాచకుండా చెప్పడం, నెల తర్వాత పట్టీ సరిచేయించుకోవడానికి మళ్లీ వెళ్లడం, ఇవన్నీ పురమాయింపులో భాగాలే. చేసినవారి పేరు చెప్పడమూ అందులో భాగమే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కొల్హాపురి చెప్పులను పోలిన జతలను ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా 2025 జూన్‌లో మిలాన్ వేదిక మీద నడిపించి, నిరసన రేగిన తర్వాత గానీ వాటికి మూలం భారతీయ చేతిపని అని ఒప్పుకోలేదు. ఇటు ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ రావడం, మేకతోలు మీద బొమ్మలు గీసిన దీపపు గొడుగులు అడిగి చేయించుకునేవారు ఉండటం, పేరు నిలిస్తే పని కూడా నిలుస్తుందనడానికి ఆశ కలిగించే ఉదాహరణలు.

సికింద్రాబాద్‌లో తోలుకు అసలు పరీక్ష మాత్రం ఆషాఢంలో, ఉజ్జయిని మహంకాళి అమ్మవారి లష్కర్ బోనాల నాడు జరుగుతుంది. డప్పు కూడా పురమాయించి చేయించుకునే తోలు వస్తువే. వాయించేవారి చేయి పొడవు, భుజం ఎత్తు చూసి చెక్క పలక వలయం పరిమాణం నిర్ణయించి, వెంట్రుకలు తీసిన మేకతోలును తడి మీద దాని పైకి సాగదీసి, చింతగింజల జిగురుతో అంటించి, వెనుక తోలు వారులతో బిగించి ఆరబెడతారు. తడికి సడలని ఫైబర్ మూతల డప్పులు ఎన్నో ఏళ్లుగా అందుబాటులో ఉన్నా, తోలుకున్న లోతైన నాదం వాటికి రాదని చెవి ఉన్నవారందరూ ఒప్పుకుంటారు. ఊరేగింపు మధ్యలో జల్లు పడి తోలు చల్లబడి స్వరం దిగితే, డప్పు కళాకారులు వీధి వారన కాగితాలు, ఎండుగడ్డి పోగేసి మంట వేసి, డప్పులను దాని సెగకు తిప్పితిప్పి చూపి, చిటికెన పుల్లతో ఒకసారి తట్టి విని, మళ్లీ బోనాల వెంట నడుస్తారు.