దసలి పట్టు: ఒక శలభం జీవిత కథ

షరీఅత్ పట్టును పురుషులకు నిషేధించి, స్త్రీలకు అనుమతించింది. అందుకే మన ఇళ్ళలో పట్టు అనగానే తల్లుల, అక్కచెల్లెళ్ళ చీరలే గుర్తుకొస్తాయి. వాటిలో తేనెరంగు దసలి పట్టుది ఒక ప్రత్యేక స్థానం. టసర్ అని కూడా పిలిచే ఈ పట్టును మనకు అందించేది ఒక అడవి శలభం.

ఈ శలభం కాస్త పెద్దది. ఆడదాని రెక్కలు చాచితే 15 సెంటీమీటర్లు దాటుతాయి. ఆడవి సాధారణంగా పసుపు లేదా బూడిద రంగులోను, మగవి ఇటుక రంగులోను ఉంటాయి. నాలుగు రెక్కల మీదా అద్దంలాంటి పారదర్శకమైన కంటి గుర్తులుంటాయి. మగదాని మీసాలు ఈకల్లా విచ్చుకొని ఉంటాయి. చీకటిలో ఆడదాని వాసనను పసిగట్టేది వాటితోనే.

జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, విదర్భ అడవుల నుండి తెలంగాణలోని చెన్నూరు, మహదేవ్‌పూర్ ప్రాంతాల వరకు ఇది విస్తరించింది. మన ప్రాంతపు రకానికి శాస్త్రజ్ఞులు ‘ఆంధ్ర లోకల్’ అని పేరు పెట్టారు. తెల్లమద్ది, నల్లమద్ది ఆకులు దీనికి ప్రధాన ఆహారం.

గుడ్లు పెట్టిన పది రోజుల లోపే పురుగులు బయటికొస్తాయి. పుట్టినప్పుడు పసుపుపచ్చగా ఉన్నా, తర్వాత ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతాయి. నెలకు పైగా తింటూ నాలుగుసార్లు కుబుసం విడుస్తాయి. ఆపై కొమ్మకు ఒక కాడ అల్లుకొని, దానికి వేలాడేలా గట్టి గూడు కట్టుకుంటాయి. శీతకాలపు గూళ్ళలోని ప్యూపాలు వేసవినంతా నిద్రలోనే గడిపి, తొలకరితో మేల్కొంటాయి. బయటికొచ్చిన శలభం ఆహారం తీసుకోదు. పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న శక్తితోనే కొద్ది రోజులు బ్రతికి, జతకట్టి, గుడ్లు పెట్టి మరణిస్తుంది.

శలభం చీల్చుకొని వెళ్ళిన గూటి నుండి ఎడతెగని దారం రాదు. అందుకే పట్టు కోసం ఉంచిన గూళ్ళలోని ప్యూపాలను ఆవిరితో చంపుతారు. ఒక్క చీర వెనుక ఇలాంటి గూళ్ళు వందలాదిగా ఉంటాయి. అయితే రైతులు మేలైన గూళ్ళను విత్తనం కోసం వేరుగా ఉంచి, వాటిలోని శలభాలను బయటికి రానిస్తారు. చెట్లపై పురుగులున్నన్నాళ్ళూ పక్షుల నుండి, చీమల నుండి పగలంతా కాపలా కాస్తారు.

విత్తనానికి ఉంచే ఆ కొన్ని గూళ్ళే మరుసటి ఏటి పంట. మద్ది చెట్లు నరికివేతకు గురైతే శలభానికి ఆహారం, రైతుకు జీవనోపాధి ఒకేసారి కరువవుతాయి. సృష్టికర్త ప్రసాదించిన అనుగ్రహాన్ని అనుభవించేవారికి దాని మూలాన్ని కాపాడే బాధ్యత కూడా ఉంది. దసలి పట్టు విషయంలో ఆ మూలం మద్ది చెట్టే.