వార్తల్లో పదం: ఎలక్ట్రోస్మాగ్

సెల్ టవర్లు, రేడియో ప్రసారాలు, కరెంటు పరికరాలు వెదజల్లే విద్యుదయస్కాంత తరంగాల కాలుష్యమే ఎలక్ట్రోస్మాగ్. పిచ్చుకలు మాయమవడానికి టవర్లే కారణమన్న మాట 2018లో వచ్చిన ‘2.0’ సినిమాతో ఇంటింటికీ చేరింది. పిచ్చుకలు గూళ్లు కట్టే పెంకుటిళ్ల చూర్లు పోయాయి, వాటి పిల్లలకు పెట్టే పురుగులు తగ్గాయి. అవన్నీ వదిలేసి టవరునొక్కదాన్నే దోషిని చేయడం సరికాదు.

అలాగని కొట్టిపారేయలేం. స్పెయిన్‌లో జీవశాస్త్రవేత్త ఆల్ఫోన్సో బల్మోరి 2005లో ప్రచురించిన పరిశీలనలో, టవర్లకు 200 మీటర్ల లోపున్న తెల్ల కొంగల గూళ్లలో 40 శాతం పిల్లల్లేకుండా ఉన్నాయి. 300 మీటర్ల అవతల అలాంటివి 3.3 శాతమే. కలవరపెట్టే లెక్కే, కానీ కారణం తరంగాలేనని అది నిరూపించలేదు.

జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ ప్రయోగం ఇంకా పకడ్బందీది. వలస రాబిన్ పిట్టలను చెక్క గదుల్లో, గరాటు ఆకారపు పంజరాల్లో ఉంచారు. ఎగరబోతూ అవి గీకిన గీతలను బట్టి ఎటు పోవాలనుకుంటున్నాయో తెలుస్తుంది. గీతలు అన్ని వైపులా చెదిరిపోయాయి. బయటి తరంగాలను ఆపేలా గదులకు అల్యూమినియం రేకు తొడిగి ఎర్తింగ్ ఇస్తే పిట్టలకు దిక్కు తెలిసింది. ఎర్తింగ్ తీసేస్తే మళ్లీ తప్పింది. 2014లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన ఈ ఫలితాన్ని టవర్లకు అంటగడుతుంటారు. నిజానికి దిక్కు చెరిపినవి 5 మెగాహెర్ట్జ్ లోపు తరంగాలు. సెల్‌ఫోన్లవి వందల మెగాహెర్ట్జ్ పైమాటే.

మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల రేడియేషన్ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది. ఆ ప్రమాణం మనుషుల కోసం లెక్కగట్టింది. గూళ్లున్న చెట్ల పక్కన టవరు పెట్టేముందు పక్షులనూ లెక్కలోకి తీసుకోవాలి.