కండరముల నొప్పి – మర్దనము

ఊడ్పుల మొదటి దినమున నొప్పి తెలియదు. మఱునాడు మంచము దిగుటయే కష్టమగును. మూడవనాడు తొడలును నడుమును కట్టెలవలె బిగిసికొనును. వేసవియంతయు తీరికగా నుండి మడిలో వంగినవారందఱికి నీ యనుభవము కలదు. అప్పుడు మన యిండ్లలో జేయు చికిత్స మర్దనము. అది యెంతవఱకు మేలో, యెచ్చట కీడో సంఘసభ్యులు తెలిసికొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పనిచేత బుట్టిన యామ్లము కండలలో నిలిచిపోవుటవలన నొడలు నొచ్చునని పలువురందురు. మేమును గొన్నియేండ్లు అట్లే చెప్పితిమి, అది సరికాదు. ఆ లాక్టిక్ ఆమ్లము పని మానిన సుమారు గంటలోనే తొలగిపోవును. అలవాటులేని పనిచేత కండల పోగులు అతిసూక్ష్మముగా దెబ్బతినుటయు, వానిని బాగుచేయుటకై శరీరము కల్పించు లోవాపును దీనికి కారణములు. బరువు నెత్తునప్పటికంటె మెల్లగా దింపునపుడు, గట్టు ఎక్కునప్పటికంటె దిగునపుడు ఇది హెచ్చు. కండ సాగుచు బరువు నోర్చుటయే హేతువు. వారము లోపల దానంతట నదియే తీఱును.

మర్దనము ఆ పోగులను అతికింపదు; పోయిన బలమును త్వరగా దెచ్చుననుటకును తగిన నిదర్శనము లేదు. నొప్పిని మాత్రము కొంత తగ్గించును. కోతల దినములలో అదియు చిన్న లాభము కాదు. నువ్వులనూనె గోరువెచ్చగా జేసి, అరచేతితో మొదట మెల్లగా నిమిరి, పిదప పిక్కలు, తొడలు, వెన్నునకు రెండువైపుల కండలు, భుజములు పట్టి పిసుకవలెను. కాళ్లను పాదమునుండి పైకి రుద్దవలెను. ఒక్కొక్క చోట ఐదు పది నిమిషములు చాలును. వెన్నెముకమీదను, మోకాలి వెనుక గుంటలోను, మెడ ముందువైపునను ఒత్తరాదు. పిల్లలచేత వీపు త్రొక్కించుకొను ముసలివారు మా మాట వినరు గాని, ఎముకలు పెళుసైన వయస్సున అది ప్రమాదము.

ఒకమారు మేము ప్రదర్శనమునకై పోయిన గ్రామమున, చాలదినములు మంచముపట్టి లేచిన రైతునకు ఎడమపిక్క యొక్కటియే వాచి వేడిగా నుండెను. ఇంటివారు బెణుకని తలచి నూనె పెట్టి తోమబోవుచుండిరి. వలదని యాపి ఆస్పత్రికి బంపించితిమి. లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టినదని వైద్యులు చెప్పిరి. అట్టి గడ్డ కదలి ఊపిరితిత్తులకు బోయినచో ప్రాణము పోవచ్చును. కావున ఒక కాలు మాత్రమే వాచినపుడు చేయి వేయకుడు. క్రొత్త బెణుకునకును రెండు మూడు దినములు మర్దనము కూడదు. చల్లని తడిగుడ్డ వేసి, కట్టుగట్టి, కాలు ఎత్తుగా నుంచవలెను. తిమ్మిరియెక్కి స్పర్శ తెలియకున్నను, అధికశ్రమ పిదప మూత్రము కషాయపు రంగున వచ్చినను ఆలసింపక వైద్యునియొద్దకు బోవలెను.

ఇక నొప్పి రాకముందు చేయదగినది యొకటి కలదు. ఊడ్పులకు వారము ముందుగా, పూట పూటకు కొంచెముసేపు నారు పీకుటయో గట్లు చెక్కుటయో చేసిన కండలు ఆ పనికి మరగును. తరువాతి నొప్పి చాలవఱకు తగ్గును. కూలివారికిని తొలిదినమున సగముపూట పనియే యొప్పగించుట మంచిది.