వేడినీళ్లకు చావని చెరకు కన్ను

చెరకు నాటే ముందు విత్తనపు ముచ్చెలను (గడ ముక్కలను) 50 డిగ్రీల వేడినీటిలో రెండు గంటలు ఉంచమని శాస్త్రవేత్తలు చెబుతారు. గడ్డిదుబ్బు లాంటి, విత్తనం వెంట వచ్చే తెగుళ్లను ఆ వేడి అణచేస్తుంది. మరి అదే వేడికి ముచ్చె మీది కన్ను చావదా? కొన్ని చస్తాయి. మిగిలినవి నిజామాబాద్ జిల్లా బోధన్ నల్లరేగడిలో మళ్లీ మొలకెత్తుతాయి. బతికినవాటిని ఏది కాపాడిందన్నదే ఇక్కడి ప్రశ్న.

కణంలో పని చేసే ప్రతి ప్రోటీనూ ఒక నిర్ణీతమైన మడతలో ఉండాలి. వేడికి ఆ మడత విడిపోతే ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని, ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకడతాయి. అది జరగకుండా కణం హుటాహుటిన కాపలా ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. అవే హీట్ షాక్ ప్రోటీన్లు (హెచ్‌ఎస్‌పీలు). పండ్ల మీద ముసిరే డ్రోసోఫిలా ఈగల లార్వాల్లో, వేడి తగిలినప్పుడు క్రోమోజోములు కొన్ని చోట్ల ఉబ్బడాన్ని ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచియో రిటోసా 1962లో ప్రకటించారు. ఆ ఉబ్బుల వెనకున్న ప్రోటీన్లు 1974లో బయటపడ్డాయి. చెరకు సంగతి 1989లో హవాయి పరిశోధకులు తేల్చారు: చెరకు కణాలకు ముందు కాస్త వేడి చూపిస్తే, ఆ తర్వాత వచ్చే పెద్ద వేడిని అవి తట్టుకున్నాయి. ఆ మధ్యలో కణాల్లో హీట్ షాక్ ప్రోటీన్లు పుట్టుకొచ్చాయి.

కణంలో వేలరకాల ప్రోటీన్లు కలగలిసి ఉంటాయి. వాటిలోంచి ఒక్క హీట్ షాక్ ప్రోటీన్‌ను పట్టుకోవడానికి యాంటీబాడీ కావాలి. ఎలుకకు ఏదైనా ప్రోటీన్ ఎక్కిస్తే దాని ఒంట్లో రకరకాల యాంటీబాడీలు పుడతాయి. ఒక్కోటి ఆ ప్రోటీన్‌ను ఒక్కో చోట పట్టుకుంటుంది. 1975లో కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టెయిన్ ఎలుక ప్లీహంలోని యాంటీబాడీ కణాన్ని చావులేని క్యాన్సర్ కణంతో కలిపేశారు. అలా పుట్టిన ఒకే కణం సంతతి ఎన్నాళ్లయినా ఒకే రకం యాంటీబాడీని ఇస్తూ పోతుంది. అదే మోనోక్లోనల్ యాంటీబాడీ. దీనికి 1984లో వాళ్లకు నోబెల్ బహుమతి దక్కింది.

అయితే ఏ మోనోక్లోనల్ అన్నది చాలా ముఖ్యం. హెచ్‌ఎస్‌పీ 70 కుటుంబంలో ఒకటి మామూలు రోజుల్లోనూ కణంలో ఉంటుంది, మరొకటి వేడి తగిలితేనే పెరుగుతుంది. 3ఎ3 అనే యాంటీబాడీ రెండింటినీ పడుతుంది. మనిషి హీలా కణాల ప్రోటీన్‌తో తయారైన సి92ఎఫ్3ఎ-5 మాత్రం వేడికి పుట్టినదాన్నే పడుతుంది. మొదటిదాన్ని వాడి, పరీక్షలో ప్రోటీన్ గీత కనబడగానే వేడి దెబ్బ తగిలిందనడం తప్పు. పైగా మనిషి ప్రోటీన్‌కు చేసిన యాంటీబాడీ చెరకు ప్రోటీన్‌ను గుర్తుపడుతుందో లేదో ముందుగా పరీక్షించుకోవాలి. మొక్కల్లో చిన్న హీట్ షాక్ ప్రోటీన్లు, హెచ్‌ఎస్‌పీ 101 కీలకం. హెచ్‌ఎస్‌పీ 101 లోపించిన అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలు పెద్ద వేడికి తట్టుకోలేవని 2000లో రుజువైంది. చెరకుకైతే వాటికి సరిపడే యాంటీబాడీని ఎంచుకోవాలి.

పరీక్ష ఇలా సాగుతుంది. కన్ను భాగాన్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి పొడి చేస్తారు. ప్రోటీన్లను జెల్‌లో బరువు వారీగా విడదీసి, పల్చటి పొర మీదికి దించుతారు. యాంటీబాడీ కనబడ్డ చోటల్లా అంటుకోకుండా ఆ పొరను వెన్న తీసిన పాలపొడి నీళ్లలో నానబెడతారు. ఆ తర్వాత మోనోక్లోనల్‌ను, దాన్ని పట్టుకునే ఎంజైమ్ తగిలించిన రెండో యాంటీబాడీని వేస్తారు. ప్రోటీన్ ఉన్న చోట వెలుగు గీత కనిపిస్తుంది.

మన దగ్గర అసలు చిక్కు పొలంలోనే మొదలవుతుంది. బోధన్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడ్డా, దగ్గర్లోని రుద్రూరులో చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. అక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అక్కడి పొలంలో 'వేడి తగలని చెరకు' అన్నదే దొరకదు. మధ్యాహ్నం కోసిన ముక్కను సంచిలో వేసుకుని హైదరాబాద్ తీసుకెళ్తే, కోత దెబ్బకూ దారిలోని వేడికీ ప్రోటీన్ పెరిగిపోతుంది. కోసిన క్షణమే పొలం గట్టు మీద ద్రవ నత్రజనిలో ముంచాలి. పోల్చేవన్నీ ఒకే పొద్దున, ఒకే వయసు తోట నుంచి తీయాలి. ఈ జాగ్రత్త లేని ఫలితాన్ని నేనైతే నమ్మను.

మొక్కల్లోని చిన్న హీట్ షాక్ ప్రోటీన్ల చుట్టం మన కంటి కటకంలోనూ ఉంది: ఆల్ఫా క్రిస్టలిన్. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటాక దాని రక్షణ శక్తి పెరుగుతుందని హైదరాబాద్ సీసీఎంబీలో సిహెచ్. మోహనరావు బృందం 1990లలో చూపింది. మధుమేహం తెప్పించిన ఎలుకల మేతలో పసుపు కలిపితే, కటకంలోని ప్రోటీన్లు గడ్డకట్టి వచ్చే శుక్లాలు ఆలస్యమయ్యాయని జాతీయ పోషకాహార సంస్థ 2005లో ప్రచురించింది. నిజామాబాద్ పసుపు మార్కెట్‌కు ఇది మంచి వార్తే, కానీ ఎలుకల ఫలితాన్ని మనుషులకు వైద్యంగా చెప్పకూడదు.

చెరకుకూ అలాంటి హద్దే ఉంది. గీత కనిపిస్తే ప్రోటీన్ పుట్టిందనే అర్థం. కన్నును అదే బతికించిందని కాదు. అందుకే ఒకే గడ నుంచి కోసిన ముచ్చెల్లో సగాన్ని జెల్‌కు పంపి, మిగతా సగాన్ని వేడినీటి నుంచి తీసి మట్టిలో నాటి, నెల తర్వాత మొలకలు లెక్కపెట్టాలి. ఏ రకం ముచ్చెలో గీత చిక్కగా ఉందో అదే రకంలో మొలకలూ ఎక్కువొస్తే, అప్పుడు రైతుకు చెప్పడానికి మన దగ్గర ఒక విషయం ఉన్నట్టు.