కాపీ 100 శాతం అయింది.. మరి పెన్‌డ్రైవ్ వదలదేం?

పెన్‌డ్రైవ్‌లోకి సినిమా కాపీ కొడతారు. బార్ సర్రున 100 శాతానికి వెళ్లిపోతుంది. ఎజెక్ట్ నొక్కితే మాత్రం రెండు నిమిషాలైనా వదలదు. లినక్స్ వాడేవాళ్లకి ఇది పాత గొడవే!

అసలు సంగతేంటంటే, మనం రాసిన డేటాని కెర్నెల్ వెంటనే డిస్క్‌లో పెట్టదు. ముందు ర్యామ్‌లో దాచుకుని 'అయిపోయింది' అనేస్తుంది. ఎంతవరకు దాచుకోవచ్చో చెప్పేది 'డర్టీ రేషియో' అనే సెట్టింగ్. మామూలుగా అది 20. అంటే అందుబాటులో ఉన్న మెమరీలో ఐదోవంతు. 3 జీబీ ఉంటే దాదాపు 600 ఎంబీ. సెకనుకి 5 ఎంబీ రాసే నాసిరకం పెన్‌డ్రైవ్‌కి అదంతా దించుకోవడానికి 2 నిమిషాలు పడుతుంది. ఈలోగా బార్‌ని నమ్మి పీకేశారో, ఫైల్ పోయినట్టే.

మా ఇంట్లో 4 జీబీ ల్యాప్‌టాప్ ఒకటుంది. తమ్ముడి ఫైనలియర్ ప్రాజెక్టంతా అందులోనే. కొత్తది కొనే పరిస్థితి లేదు. అందుకే రేషియో బదులు 'డర్టీ బైట్స్'ని 64 ఎంబీకి పెట్టేశా. ఇప్పుడు బార్ నత్తలా కదులుతుంది. కానీ నిజం చెబుతుంది!

దాంట్లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్. కావాల్సిన చోటికి ముల్లు వెళ్లడానికే సుమారు 10 మిల్లీసెకన్లు. అందుకే కెర్నెల్ అడిగినదానికంటే ముందుకెళ్లి 128 కేబీ దాకా చదివి ఉంచుతుంది. దీన్నే 'రీడ్ ఎహెడ్' అంటారు. పెద్ద వీడియోలకి 1024 కేబీ పెడితే లాభం. డేటాబేస్‌కి అలా పెడితే దండగ. అక్కడక్కడ చిన్న ముక్కలు అడిగేదానికి బస్తా మోసుకొస్తే ర్యామ్ నిండటం తప్ప ఏముంది?

ఇక 'స్వాపీనెస్'. మామూలు విలువ 60. ర్యామ్ 60 శాతం నిండగానే స్వాప్ మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. చోటు కావాల్సొస్తే యాప్‌ల మెమరీని బయటికి పంపాలా, ఫైళ్ల కాపీలని వదిలెయ్యాలా అన్న మొగ్గు మాత్రమే అది. 2020లో వచ్చిన లినక్స్ 5.8 నుంచి దాన్ని 200 దాకా పెంచొచ్చు. ర్యామ్‌లోనే డేటాని నొక్కిపెట్టే 'జెడ్‌ర్యామ్' లాంటి వాటికి అది పనికొస్తుంది. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది ఎక్కువగా ఈ జెడ్‌ర్యామే.

అన్నట్టు, ఫోన్ల షాపులో '8+8 జీబీ' అని ఊదరగొడతారు కదా. ఆ రెండో 8 స్టోరేజీలోంచి కోసిన ముక్క. ర్యామ్‌తో పోలిస్తే చాలా నెమ్మది. బేరమాడేటప్పుడు మొదటి 8నే లెక్కలోకి తీసుకోండి.