వారసత్వమను మాట

మా సూర్యాపేట ప్రాంతమున ఇంటి యజమాని కాలము చేసి, కర్మకాండ ముగిసిన పిమ్మట బంధువులలో నెవరో యొకరు మెల్లగా ఎత్తు మాట “విరాసతు” అనునది. నిజాము కాలపు కచేరీ భాషనుండి వచ్చిన యీ పదము కోదాడలోను, మిర్యాలగూడలోను తహసీలు కార్యాలయమునకు పోవువారి నోట నేటికిని వినబడుచునే యున్నది. పండితులు దీనిని దాయమనిరి. వైద్యుడు వంశమున నేదేని వ్యాధి కలదా యని యడుగునప్పుడును, కంప్యూటరు విద్య నభ్యసించు పిల్లవాడు తన పాఠము చెప్పునప్పుడును ఈ వారసత్వమను మాటయే వచ్చుచున్నది. మాట యొక్కటే గాని అర్థములు మూడు. వీనిలో మొదటి రెంటిని కలగాపులగము చేసికొనుటవలన మన యిండ్లలో ఆడుబిడ్డలకు నష్టమును, పసిపిల్లలకు కీడును వాటిల్లుచున్నవి. కావున పెద్దలగు మీ యెదుట నీ విషయమును విప్పి చెప్పదలచితిని.

మొదట ధర్మశాస్త్రమును చూతము. కల్యాణి చాళుక్యులలో ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. దానిని పదుమూడవ శతాబ్దమున కేతన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. యజమానితోడి సంబంధమొక్కటియే కారణముగా నొకరి ధనము వేరొకరి దగునేని అది దాయమని మితాక్షర తాత్పర్యము. కొడుకు పుట్టినతోడనే తాతతండ్రుల యాస్తిలో భాగస్థుడగును. అడ్డు లేనిది గనుక దీనికి అప్రతిబంధ దాయమని పేరు. సంతానము లేనివాని ధనము అతడు గతించిన పిమ్మటనే సోదరాదులకు చెందును, అది సప్రతిబంధము. వంగదేశమున జీమూతవాహనుడు దీనిని ఒప్పుకొనక, తండ్రి బ్రదికియుండగా కొడుకునకు స్వత్వమే లేదనెను. ముస్లిముల ధర్మమునందును జన్మచేత వచ్చు హక్కు లేదు. అయినను కుమార్తెకు నియతమైన వాటా కలదు. మన జిల్లాలో స్వంత భూమికే గాదు, 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టముచే రక్షిత కౌలుదారుని హక్కునకు సయితము వారసత్వము కలిగెను. దత్తపుత్రునకు రక్తస్పర్శ లేకున్నను పూర్తి భాగము వచ్చును. కన్నకొడుకైనను, తండ్రి స్వార్జితమును వేరొకరికి వీలునామా వ్రాసినచో, అతడు చేయగలిగినది లేదు. ఇది మనుష్యులు చేసిన కట్టడి, మనుష్యులే మార్చగలరు.

మార్చిరి గూడ. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశ శాసనసభ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లుగా, అప్పటికి పెండ్లి కాని కుమార్తెను కొడుకుతో సమానముగా సమష్టి కుటుంబ భాగస్థురాలిని జేసెను. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి దేశమంతటను, వివాహిత, అవివాహిత అను భేదము లేకుండ, కుమార్తెలకా హక్కు లభించెను. ఆ దినమునకు తండ్రి బ్రదికియుండవలెనా యను సందేహమును 2020 ఆగస్టు 11వ తేదీన సుప్రీము కోర్టు తీర్చెను: హక్కు పుట్టుకచే వచ్చినది గావున తండ్రి బ్రదికియుండ నక్కరలేదు. 2004 డిసెంబరు 20వ తేదీకి పూర్వము రిజిస్టరు దస్తావేజుచే గాని, కోర్టు డిక్రీచే గాని జరిగిన పంపకములు మాత్రము కదలవు.

“పసుపు కుంకుమల క్రింద ఇచ్చితిమి గదా, మరల వాటా యేమి?” అని మీలో కొందరనుకొందురు. ఇచ్చినది ప్రీతిచే నిచ్చినది. అంతమాత్రమున పుట్టుకచే వచ్చిన హక్కు పోదు. నేనెరిగిన యొక యింట అన్నదమ్ములు విరాసతు దరఖాస్తులో నిరువురు అక్కచెల్లెండ్ర పేళ్లను వ్రాయనే లేదు. అడిగినచో “వారి యింటిపేరు మారినది, వారు మా వంశము కారు” అనిరి. ఈ మాట యెంతవరకు నిజమో చూతము.

విజ్ఞానేశ్వరుడే సపిండ శబ్దమునకు అర్థము చెప్పుచు, పిండమనగా శ్రాద్ధమున పెట్టెడి యన్నపు ముద్ద గాదు, శరీరమనెను. తల్లిదండ్రుల శరీరావయవములు సంతతియందు కొనసాగుటయే సపిండతయట. నేటి శాస్త్రమును ఈ త్రోవనే నడచినది. మన శరీరమునందలి కణములలో సామాన్యముగా 46 క్రోమోజోములుండును. వానిలో 23 తండ్రివి, 23 తల్లివి. పదియెకరముల పొలము అయిదుగురు పంచుకొన్నచో తలకు రెండెకరములే మిగులును. ఈ దాయము అట్లు తరుగదు: ఎందరు బిడ్డలైనను ప్రతి బిడ్డకును తండ్రి నుండి సగము, తల్లి నుండి సగము వచ్చును. కూతురునకు వచ్చు పాలు కొడుకు పాలికి తీసిపోదు. ఇంటిపేరు మారినంతమాత్రమున నొక్క క్రోమోజోమైనను మారదు. బిడ్డ ఆడో మగో నిర్ణయించునదియు తండ్రి బీజమే. కొడుకును కనలేదని కోడలిని నిందించుట శాస్త్రవిరుద్ధము.

ఈ దాయమున దాగియుండు గుణములును కలవు. సాగరు ఎడమకాలువ క్రింది రైతులకు దీనిని వడ్లతో చెప్పుట సులభము. బాపట్ల పరిశోధన స్థానమున పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరిని మిర్యాలగూడ మిల్లుల దారిలో నెరుగనివారు లేరు. అన్నము శ్రేష్ఠమేగాని దానికి బాక్టీరియా ఎండాకు తెగులు సోకును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వారును, వరి పరిశోధన సంస్థవారును తెగులును తట్టుకొను మూడు జన్యువులను దానిలోనికి సంకరముచే చేర్చిరి. గింజ గుణము చెడకుండుటకై సంకరమును మరల మరల సాంబమసూరితోనే కలిపి, 2008లో నూతన వంగడమును విడుదల చేసిరి. ఆ మూటిలో నొక జన్యువు ఆఫ్రికా ఖండపు అడవివరినుండి వచ్చినది. ఒక్క వైపునుండి వచ్చినను పనిచేయును. తక్కిన రెండును రెండు వైపులనుండియు వచ్చిననే పైకి తేలును. లేనిచో మొక్కలో నుండియు లేనట్లే యుండును.

మనుష్యులలో కొన్ని వ్యాధులును ఇట్లే దాగియుండును. తలసీమియా అట్టిది. భార్యాభర్తలిరువురియందును దాగియున్నచో, పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చుటకు నాల్గింట నొక పాలు అవకాశము కలదు. ఇక మేనరికము సంగతి. మేనమామ కూతురును పెండ్లాడుట దక్షిణాది యాచారమని బౌధాయనుడే పేర్కొనెను. దాని ప్రాచీనతను నేను కాదనను. అయితే మనము దానిని కోరుట తరచుగా పొలము బయటికి పోరాదనియే గదా! మేనత్త మేనమామ బిడ్డల దంపతులకు పుట్టిన సంతానమున, ఒకే పూర్వుని జన్యువు రెండు వైపులనుండియు వచ్చి కలియు పాలు పదునారింట నొకటి. అక్క కూతురును మేనమామ చేసికొన్నచో ఎనిమిదింట నొకటి. మొదటి దాయమును కాపాడబోయి రెండవ దాయమున ముప్పు తెచ్చుకొనుచున్నాము. సంబంధము నిశ్చయించుటకు ముందు ఇరువురికిని తలసీమియా రక్తపరీక్ష చేయించుట జాతకములు చూపించుటకంటె అవసరమని నా యభిప్రాయము.

మూడవది నేను నా మనుమని యొద్ద నేర్చినది. నార్వే దేశమున డాల్, నైగార్డ్ అను నిరువురు 1967లో సిములా యను కంప్యూటరు భాషలో దీనికి రూపమిచ్చిరి. “భూమి” యని యొక నమూనా వ్రాసి, అందు సర్వే నెంబరును, విస్తీర్ణమును, పట్టాదారు పేరును ఉంచుదురు. “మాగాణి” యను పిల్ల నమూనాకు అవన్నియు తిరిగి వ్రాయకయే సంక్రమించును. కాలువ పేరు మాత్రము క్రొత్తగా చేర్చిన చాలును. ఇచ్చట తండ్రి చావనక్కరలేదు, తండ్రి సొత్తు తరుగదు. తల్లి నమూనాలో తప్పు దిద్దినచో పిల్లలన్నిట దిద్దుబాటగును. తప్పు చేసినచో అదియు అన్నిటికి ప్రాకును.

ఒక నమూనాకు ఇరువురు తండ్రులుండవచ్చునా యని యడిగితిని. సి ప్లస్ ప్లస్ భాషలో నుండవచ్చునట. జావాలో నొక్కరే యట, ఇరువురు ఒకే పనిని వేర్వేరు విధముల చెప్పినచో ఎవరి మాట వినవలెనను చిక్కు వచ్చునట. మన స్మృతులలో జనకునకును, దత్తు తీసికొన్నవానికిని ఇరువురికిని దాయాదియగు కొడుకునకు ద్వ్యాముష్యాయణుడని పేరున్నదని చెప్పగా, వాడు నవ్వి, ఆ పదమును రెండుమార్లు పలికించుకొని తన నోటుపుస్తకమున వ్రాసికొనెను.