జమానతు లేని ఊళ్ళో కిరాయి ఇల్లు

మా జక్రాన్‌పల్లిలో ఇల్లు కిరాయికి కావాలంటే కాగితాలతో పెద్దగా పని ఉండదు. "ఎవరి పిల్లవమ్మా? ఏ ఊరు? మీ ఇంటిపేరేంది?" అని అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు దొరికితే తాళంచెవి చేతికొస్తుంది. మన వెనకాల ఎవరున్నారో ఇంటివాళ్ళకు తెలిసిపోయింది కదా! పసుపు పండించే రైతుకు అడ్తిదారు పంట చేతికి రాకముందే అప్పిచ్చేదీ ఇలాంటి నమ్మకంతోనే. దీన్నే మా వైపు జమానతు అంటారు. పరాయి దేశంలో ఇల్లు వెతుక్కునే ఆడపిల్లకు మొట్టమొదట కరువయ్యేది ఇదే.

మా చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళు బోలెడుమంది. కూలిపనికి వెళ్ళేవాళ్ళకు చాలావరకు కంపెనీయే క్యాంపులో ఓ మంచం చూపిస్తుంది. చదువుకోసం ఇంగ్లండ్ వెళ్ళే అమ్మాయికి ఆ ఏర్పాటు ఉండదు. తన గూడు తనే వెతుక్కోవాలి.

"మీ గ్యారంటర్ ఎవరు?"

నేను 2019 సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి లీడ్స్ వెళ్ళాను. అప్పటికే విశ్వవిద్యాలయం హాస్టళ్ళు నిండిపోయాయి. తెలిసిన అమ్మాయిల గదిలో కొన్నాళ్ళు సర్దుకుని ఇళ్ళవేట మొదలుపెట్టాను. చివరికి ఒక చిన్న ఫ్లాటు నచ్చింది. మంచం, బీరువా, ఫ్రిజ్, పొయ్యి, బట్టలుతికే మిషను అన్నీ ఉన్నాయి. సూట్‌కేసుతో దిగిపోవచ్చు. నెలకు 550 పౌండ్లు.

ఏజెంటు నవ్వుతూ ఫారం చేతికిచ్చింది. అందులో ఓ గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. గ్యారంటర్ పేరు రాయాలట.

"మా నాన్నగారండీ" అన్నాను.

"ఆయన బ్రిటన్‌లో ఉంటారా?"

"లేదండీ, ఇండియాలో."

"అయితే కుదరదమ్మా."

ముందు చిన్నబుచ్చుకున్నా, తర్వాత ఆలోచిస్తే వాళ్ళ లెక్క అర్థమైంది. నేను కిరాయి ఎగ్గొడితే గ్యారంటర్ మీద అక్కడి కోర్టులో దావా వేయాలి. జక్రాన్‌పల్లి రైతు మీద లీడ్స్ ఏజెంటు ఏం దావా వేస్తుంది? పైగా ఆ గ్యారంటర్‌కు ఏడాది కిరాయికి మూడింతల జీతం ఉండాలని చాలా ఏజెన్సీలు అడుగుతాయి. 550 పౌండ్ల ఇంటికి ఏడాదికి 19,800 పౌండ్లన్నమాట.

మా వైపువాళ్ళే ఒకాయన అక్కడ స్థిరపడ్డారని విన్నాను. అడగబుద్ధి కాలేదు. సంతకమంటే మాట సాయం కాదు. కిరాయి బాకీ పడినా, సామాను పాడైనా కట్టాల్సింది ఆయనే.

యాభై క్వింటాళ్ళ పసుపు

ఏజెంటు ఇంకో దారి చెప్పింది. ఆరు నెలల కిరాయి ఒక్కసారిగా కట్టాలి. అంటే 3,300 పౌండ్లు. అప్పటి లెక్కన సుమారు రెండు లక్షల తొంభై వేలు.

అది ఎలాంటి ఏడాదో మా జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. పసుపుకు, ఎర్రజొన్నకు ధర లేదని 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మా సరుకు క్వింటాలు 5,500కు పోయింది. నా ఆరు నెలల గూటికి యాభై క్వింటాళ్ళకు పైగా పసుపు పెట్టాలి.

ఫోనులో సంగతంతా చెప్పాను. బాపు పైసల మాట ఎత్తనే లేదు. "బిడ్డా, తలుపుకు గట్టి గొళ్ళెం ఉన్నదా? రాత్రిపూట ఒచ్చేతందుకు భయం లేదు గదా?" అని మాత్రం అడిగాడు. వారంలో డబ్బు పంపాడు.

ఇప్పుడు ఆ దారీ మూసుకుంది

మా చిన్నమ్మ కూతుళ్ళు, వాళ్ళ స్నేహితురాళ్ళు ఇప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. ఆరు నెలలది ఒకేసారి కట్టేస్తే పోలేదా అంటారు. ఇంగ్లండ్‌లో 2025లో వచ్చిన కిరాయిదారుల హక్కుల చట్టం ప్రకారం, 2026 మే 1 నుంచి ఇంట్లో దిగకముందు ఒక నెలకు మించి కిరాయి అడగకూడదు. ఒప్పందంపై సంతకాలు కాకముందైతే కిరాయి తీసుకోనేకూడదు. అక్కడివాళ్ళకు ఇది మేలే. కానీ గ్యారంటర్‌ని అడగవచ్చు. డబ్బు ముందే కట్టి నమ్మకం సంపాదించుకునే మనలాంటివాళ్ళకు మాత్రం చిక్కే.

మరి ఏం చేయాలి?

మొదటిది, సీటు రాగానే విశ్వవిద్యాలయం హాస్టలుకు దరఖాస్తు పెట్టండి. ఆలస్యం చేసేకొద్దీ గదులు దొరకవు.

రెండోది, కొన్ని విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థులకు తామే గ్యారంటర్‌గా నిలబడతాయి. మొహమాటపడకుండా వసతి విభాగానికి ఉత్తరం రాసి అడగండి.

మూడోది, రుసుము తీసుకుని గ్యారంటర్‌గా ఉండే కంపెనీలున్నాయి. ఆ రుసుము తిరిగి రాదు. ఇంటివాళ్ళు ఆ కంపెనీని ఒప్పుకుంటారో లేదో కనుక్కున్నాకే కట్టండి.

నాలుగోది, ఇంటివాళ్ళు ఉంటున్న ఇంట్లోనే ఒక గది తీసుకోవడం. ఇక్కడ చాలాసార్లు గ్యారంటర్ గొడవ ఉండదు. అయితే కిరాయిదారుకుండే చట్టరక్షణలు చాలావరకు ఈ పద్ధతిలో వర్తించవు. ఇంటివాళ్ళ సంగతి బాగా విచారించుకోవాలి.

నలుగురమ్మాయిలు కలిసి ఇల్లు తీసుకుంటే? ఖర్చు తగ్గుతుంది, తోడూ ఉంటుంది. కానీ అందరూ ఒకే ఒప్పందంపై సంతకం పెడితే ఒకరు కట్టని కిరాయి మిగతావాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. మన మహిళా సంఘాల పద్ధతి గుర్తుందా? 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎందరో ఆడవాళ్ళు ఆస్తి తాకట్టు లేకుండా ఒకరికొకరు పూచీగా నిలబడి అప్పులు తెచ్చుకున్నారు. సంఘంలో ఎవరిని చేర్చుకోవాలో మన అమ్మలు ఎంత ఆలోచించారో, గదిలో ఎవరిని చేర్చుకోవాలో మనమూ అంతే ఆలోచించాలి.

అడ్వాన్సు జాగ్రత్త

మనం అడ్వాన్సు అనేదాన్ని అక్కడ డిపాజిట్ అంటారు. ఏడాది కిరాయి 50,000 పౌండ్లలోపు ఉంటే ఇంగ్లండ్‌లో ఇది ఐదు వారాల కిరాయికి మించకూడదు. నా ఫ్లాటుకు 634 పౌండ్లు. ఇల్లు మన పేరున ఆపి ఉంచడానికి తీసుకునే సొమ్మయితే ఒక వారం కిరాయి దాటకూడదు. 2019 జూన్ 1న వచ్చిన నిబంధన ఇది. డిపాజిట్‌ను ఇంటివాళ్ళు జేబులో వేసుకోకూడదు. ప్రభుత్వం ఆమోదించిన పథకంలో 30 రోజుల్లోగా భద్రపరచి, ఆ వివరాలు మనకివ్వాలి.

సామానున్న ఇల్లు కాబట్టి ఇంకో పని తప్పనిసరి. దిగిన రోజే పరుపు, కుర్చీలు, గోడలు, పొయ్యి, అన్నింటికీ ఫొటోలు తీసి ఏజెంటుకు పంపండి. నేను ఖాళీ చేసినప్పుడు పరుపు మీద మరకుందని 200 పౌండ్లు కోస్తామన్నారు. ఆ మరక మొదటిరోజు ఫొటోలోనే ఉంది. డిపాజిట్ పథకంవాళ్ళ దగ్గర తగవు తీర్చే ఏర్పాటు ఉచితంగా ఉంటుంది. అక్కడ ఫొటో చూపించాను. పైసా తగ్గకుండా తిరిగొచ్చింది.

ఇక ఇల్లు చూడకుండా డబ్బు పంపడమనే మాటే వద్దు. "నేను ఊళ్ళో లేను, డబ్బు వేస్తే తాళాలు పోస్టులో పంపుతా" అనేవాళ్ళ దగ్గర తాళాలూ ఉండవు, ఇల్లూ ఉండదు. మీరింకా ఇక్కడే ఉంటే అక్కడున్న స్నేహితురాలిని పంపి చూడమనండి. మొదటి రెండు వారాలకు హాస్టలు గదో, తెలిసినవాళ్ళ ఇల్లో కుదుర్చుకుని, దిగాక వెతుక్కోవడం ఇంకా మేలు.

అమ్మలకు ఒక మాట. అమ్మాయి విమానం ఎక్కేముందు ఆవకాయ, కారప్పొడి ఎటూ సర్దుతారు. ఫీజు లెక్క రాసుకున్న కాగితం మీదే డిపాజిట్ ఎంత, మొదటి నెల కిరాయి ఎంత, గ్యారంటర్ ఎవరు అని మూడు గీతలు గీయించండి. ఆ మూడూ నిండాకే టికెట్టు కొనండి.